కొలంబస్‌లో గాజు గోడ వెనక పసుపు యంత్రం: ఎవరికైనా గుర్తుందా?

ఐదోవీధి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా మన ఊళ్ళ గురించే రాసుకుంటాం. ఈసారి నా బాల్యం గడిచిన పరాయి ఊరి గురించి అడుగుతున్నాను.

కొలంబస్ అంటే ఒహాయో రాష్ట్రంలోని పెద్ద నగరం కాదు. ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్‌కు దక్షిణాన గంట ప్రయాణంలో ఉండే చిన్న ఊరు. ఇప్పటికీ జనాభా యాభై వేలే. కమిన్స్ డీజిల్ ఇంజన్ల కంపెనీ 1919లో అక్కడే పుట్టింది. 1962 నుంచి పుణెలోనూ దానికి కర్మాగారం ఉంది. మా నాన్నగారు పుణెలో చేస్తూ 1985లో కొలంబస్‌కు బదిలీ అయ్యారు. అప్పుడు నాకు ఆరేళ్ళు. 1992లో తిరిగి వచ్చేశాం.

ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు గుర్తొచ్చిందంటే, ఐదో వీధిలో ఉన్న ఇర్విన్ బ్లాక్ కాలిపోయిన సంగతి నాకు మొన్ననే తెలిసింది. 1890 నాటి భవనం. 2022 డిసెంబరు 3న మంటల్లో పోయింది, మిగిలిన గోడలు కూల్చేశారు. గ్రంథాలయానికి నడిచి వెళ్ళేటప్పుడు దాని ముందు నుంచే వెళ్ళేవాళ్ళం. లోపలికి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అయినా ఫోటో చూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ రాత్రి నుంచి ఇంకో జ్ఞాపకం వేధిస్తోంది. పెద్ద గాజు గోడ. లోపల నిండు పసుపు రంగు యంత్రం, మనిషి కంటే ఎత్తు. దాని మీదుగా తెల్లటి గుడ్డ లాంటిది ఆగకుండా పరుగెడుతూ ఉంటుంది. నాన్న చేయి పట్టుకుని బయట నిలబడ్డాను. గాజుకు నుదురు ఆనిస్తే సన్నటి వణుకు తెలిసేది. బట్టల మిల్లు అనుకున్నాను. నాన్నగారు లేరు, అమ్మకు గుర్తు లేదు. ఇంజన్ల కర్మాగారం మాత్రం కాదంటుంది. అక్కడ పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, అది ఏ భవనం?

తూనీగ

ఐదోవీధి గారూ, ఇక్కడ కొలంబస్ మాట చదువుతానని ఎప్పుడూ అనుకోలేదు! నేను 1991 నుంచి 2000 వరకు అక్కడే. మీరు వెళ్ళిపోయేటప్పటికి నేను ఒకటో తరగతి.

మీరు చెప్పేది కామన్స్‌లో ఉన్న కేయాస్ వన్ కాదు కదా? వాషింగ్టన్ వీధిలో అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే భవనం అది. సీజర్ పెల్లి రూపకల్పనలో 1973లో కట్టారు. దాని నడుమ స్విట్జర్లాండ్ శిల్పి టింగ్‌లీ చేసిన ముప్పై అడుగుల ఇనుప యంత్రం. ఇనుప గుండ్లు పట్టాల మీద దొర్లుకుంటూ దిగేవి. చక్రాలు తిరిగేవి, చేతులు ఊగేవి, కానీ ఆ యంత్రం ఏమీ తయారు చేసేది కాదు. చలికాలంలో బయట ఆడుకునే వీలు లేక అమ్మ మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళేది. మా చెల్లి నేల మీద బాసింపట్టు వేసుకుని, తల పైకెత్తి, గుండు పడే చప్పుడు కోసం నోరు తెరిచి కూర్చునేది. ఆగి ఉందంటే ఏడుపే.

ఆ భవనం ఇప్పుడు లేదు. పడగొట్టి 2011లో కొత్తది తెరిచారు. యంత్రాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచి దాని చుట్టూ కట్టారు.

ఐదోవీధి

కాదండీ. అది నాకు బాగా గుర్తుంది, తుప్పు రంగు. నేను చెప్పేది శుభ్రమైన పసుపు, రంగు వెలిసిన పాత జీపులా కాదు, కొత్త ట్రాక్టరు మీద వేసే రంగులా మెరిసేది. పైగా దాన్ని చూసింది వీధిలో నిలబడి.

జహరాకోస్‌కు వెళ్ళేవారా మీరు?

తూనీగ

వెళ్ళకుండా ఎలా ఉంటాం! గ్రీసు నుంచి వచ్చిన అన్నదమ్ములు 1900లో పెట్టిన ఐస్‌క్రీం అంగడి. లోపల పాలరాతి బల్లలు, సెయింట్ లూయిస్‌లో 1904లో జరిగిన ప్రపంచ ప్రదర్శన నుంచి తెచ్చిన సోడా యంత్రాలు. వెనక గోడకు బీరువా అంత వాద్యయంత్రం ఉండేది. మీట నొక్కితే లోపల డోళ్ళు, తాళాలు, పిల్లనగోవులు ఎవరూ వాయించకుండానే మోగేవి. మామ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు తీసుకువెళితే, లోపల మనిషి ఉన్నాడేమోనని వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది. ఆ తర్వాత ఊరికి వెళ్ళి అందరికీ చెప్పింది ఆకాశహర్మ్యాల గురించి కాదు, ఆ పెట్టె గురించే.

2006లో మూతపడింది. వాద్యయంత్రం అమ్ముడుపోయి కాలిఫోర్నియా చేరింది. తర్వాత అంగడిని కొన్నవారు దాన్నీ వెతికి తిరిగి కొని తెచ్చి, అంతా బాగు చేయించి 2009లో మళ్ళీ తెరిచారు.

సున్నపుగోడ

నేను విశాఖపట్నంలో భవనాల నక్షలు గీసే పనిలో ఉన్నాను. అమెరికా చూడలేదు. కానీ ఈ ఊరి పేరు మా కాలేజీలో పాఠంగా విన్నాను. ఐ.ఎం. పెయ్, ఈరో సారినెన్, రాబర్ట్ వెంచూరి, సీజర్ పెల్లి... మహానగరాలకే దొరకని వాళ్ళు ఇంత చిన్న ఊళ్ళో బడులు, అగ్నిమాపక కేంద్రాలు ఎలా కట్టారో మాకు ఎవరూ వివరంగా చెప్పలేదు. అక్కడ పెరిగినవాళ్ళకు తెలిసి ఉంటుంది కదా, చెబుతారా?

ఐదోవీధి

సున్నపుగోడ గారూ, చిన్నప్పుడు తెలియదు, పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను.

కంపెనీని నడిపిన జె. ఇర్విన్ మిల్లర్ గారి పూనిక అది. యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగి ఊరికి కొత్త బడులు కావలసివచ్చాయి. హడావిడిగా కడితే నాసిరకంగా వస్తాయని ఆయన బెంగ. కంపెనీ ధర్మసంస్థ తరఫున బడుల బోర్డుకు ఒక మాట ఇచ్చారు. మేము ఇచ్చే జాబితాలోంచి మీకు నచ్చిన వాస్తుశిల్పిని ఎంచుకోండి, ఆయన రుసుము మేము చెల్లిస్తాం, కట్టుబడి ఖర్చు మీది అని. అలా వచ్చిన మొదటి బడి హ్యారీ వీస్ రూపకల్పన చేసిన ష్మిట్ ప్రాథమిక పాఠశాల, 1957. తర్వాత ఆ ఏర్పాటును మిగతా ప్రజా భవనాలకూ విస్తరించారు.

అంతకు ముందే బీజం పడింది. 1942లో ఐదో వీధిలో ఎలియెల్ సారినెన్ కట్టిన చర్చి మిల్లర్ కుటుంబం వెళ్ళే చర్చి. ఆ శిల్పి కొడుకే ఈరో, మిల్లర్‌కు స్నేహితుడు. ఆయన 1954లో కట్టిన ఇర్విన్ యూనియన్ బ్యాంకు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. చుట్టూ గాజు గోడలు, పైన తొమ్మిది గుమ్మటాలు. గుమాస్తాల ముందు కటకటాలు లేవు. అంతకు ముందు అమ్మకు తెలిసిన బ్యాంకంటే ఇనుప ఊచలు, ఊచల్లో చేయి పట్టేంత కంత, లోపల ముఖం చిట్లించిన మనిషి. అక్కడ బల్ల అవతల ఒక పెద్దావిడ కూర్చుని అమ్మను పేరు పెట్టి పలకరించేది. ఇంగ్లీషు రాదని ఇంట్లోంచి కదలని అమ్మ మొదట ఒంటరిగా వెళ్ళిన చోటు ఆ బ్యాంకే. ఆవిడ మంచితనం సగం, ఆ గదిలో దాక్కోవడానికి ఏమీ లేకపోవడం సగం అని నా నమ్మకం.

2009లో ఆ బ్యాంకు మూతపడింది. భవనాన్ని ఇంజన్ల కంపెనీ తీసుకుని సమావేశ మందిరంగా మార్చింది.

హాక్రీక్

నేను కూడా అక్కడే పెరిగాను, మీ అందరికంటే చిన్నవాణ్ణి. 2003లో వెళ్ళాం, నాకప్పుడు ఐదేళ్ళు. మర్యాద తప్పకుండా ఒక మాట చెబుతాను. ఇప్పటివరకు వచ్చిన రాతల్లో శిల్పుల పేర్లు చాలా ఉన్నాయి. మేము అద్దెకు ఉన్న ఊరు అందులో లేదు.

నా ఊరు అంటే 2008 జూన్ 7. ఆ ముందు రాత్రంతా వాన. ఉదయానికి హా క్రీక్ వాగు పొంగింది. వేసవిలో మేము రాళ్ళు ఏరుకునే వాగు అది, మోకాలి లోతు కూడా ఉండేది కాదు. ఆసుపత్రి కింది అంతస్తు మునిగి కరెంటు పోతే రోగులందర్నీ వేరే ఊళ్ళకు తరలించారు. నెలల తరబడి అది తెరుచుకోలేదు. మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు. నీళ్ళు తీశాక ప్రతి ఇంటి ముందు తడిసిన తివాచీలు, పరుపులు, చెక్క బీరువాలు కుప్పలుగా పడి ఉండేవి. వీధంతా అదొక వాసన, తడి సున్నం, డీజిలు, కుళ్ళిన గడ్డి కలిసినట్టు. అమ్మ తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి పటం అట్ట ఉబ్బిపోయి రంగు కారిపోయింది. దాన్ని ఆ కుప్పలో వేయలేక ఎండలో ఆరబెట్టి, చివరికి నాన్న ఆ వాగులోనే నిమజ్జనం చేశారు.

ఆ ఇళ్ళలో కొన్నింటిని తర్వాత తీసేశారు. అవీ పాత ఇళ్ళే. వాటిని ఎవరు కట్టారో ఎక్కడా రాసి లేదు.

తూనీగ

హాక్రీక్ తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలా బాధ కలిగింది. ఇల్లు మునగడం నాకు తెలియని కష్టం, దాని మీద ఏమీ అనను.

కానీ బడి గురించి ఒక్క మాట. నేను ష్మిట్ బడిలో చదివాను. వీస్ ఎవరో నాకు తెలియదు. తరగతి గదుల మీద వరుసగా చిన్న చిన్న ఇళ్ళ కప్పుల్లా ఉండేవి, అంతే తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లకు, భాష సరిగా రాని పిల్లకు, మా గది కప్పు ఇదీ అని దూరం నుంచే గుర్తుపట్టగలగడం ఎంత ధైర్యమో! అది శిల్పుల ఊరిది కాదు, నాది.

హాక్రీక్

అక్కా, అది ఒప్పుకుంటాను. నాకూ అలాంటిది ఒకటి ఉంది. నాలుగో నంబరు అగ్నిమాపక కేంద్రం. ముందు గోపురం మీద తెల్లటి ఇటుకల నేపథ్యంలో పెద్ద 4 అంకె. ప్రతిరోజూ బడి బస్సు దాని ముందు నుంచి వెళ్ళేది. ఇల్లు వదిలి మూడు నెలలు వేరే చోట ఉండి తిరిగి వచ్చినప్పుడు, బస్సు కిటికీలోంచి ఆ 4 కనబడితే ఊళ్ళోకి వచ్చేశామని తెలిసింది.

సున్నపుగోడ

ఆ గోపురం అలంకారానికి కట్టింది కాదు హాక్రీక్ గారూ. తడిసిన నీటి గొట్టాలను నిలువునా వేలాడదీసి ఆరబెట్టడానికి. వెంచూరి 1960ల చివర్లో కట్టిన ఆ కేంద్రాన్ని ఊరి జనం మామూలు దుకాణంలా ఉందని అనుకుంటే తప్పేమీ లేదు, ఆయన కోరుకున్నది కూడా మామూలు భవనమే. దూరం నుంచి గుర్తుపట్టడానికి అంకె చాలునన్నది ఆయన లెక్క. మీకు అది పనిచేసింది.

కంపోజిటర్

అందరికీ ఆశీస్సులు. నేను కొలంబస్‌లో పెరగలేదు. 2012లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. అంతకు ముందు తెనాలిలో ఒక ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు అక్షరాలు కూర్చాను. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడి చేత్తో కేసులోంచి, అంటే అరల పెట్టెలోంచి, ఒక్కో సీసపు అక్షరం. తలకిందులుగా, అద్దంలో బొమ్మలా చదవడం మాకు అలవాటు.

అబ్బాయి, కోడలు ఉదయం వెళితే సాయంత్రం వచ్చేవారు. నాకు నడకే కాలక్షేపం. రోజూ గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. పెయ్ గారు కట్టిన ఎర్ర ఇటుకల భవనం, 1969 నాటిది. దాని ముంగిట్లో హెన్రీ మూర్ చేసిన కంచు తోరణం, ఇరవై అడుగుల ఎత్తు. కింద నిలబడి పైకి చూస్తే ఏదో పెద్ద జంతువు ఎముకల మధ్య ఉన్నట్టు ఉంటుంది. మా మనవడు దాన్ని ఏనుగు కాళ్ళు అనేవాడు. ఎదురుగా 166 అడుగుల చర్చి గడియార స్తంభం. ఐదోవీధి గారూ, మీ ఇర్విన్ బ్లాక్ కూడా చూశాను. దాని గోడ నీడలో కాసేపు నిలబడి చెమట తుడుచుకుని ముందుకు వెళ్ళేవాణ్ణి.

న్యాయస్థానం పక్కన యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మారకం ఉంది. ఇరవై ఐదు సున్నపురాతి స్తంభాలు. దగ్గరికి వెళితే తప్ప తెలియదు, లోపలి ముఖాల మీద ఆ కుర్రాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు చెక్కారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. రోజుకు ఒక స్తంభం చదివేవాణ్ణి. రాతిలో అక్షరం చెక్కినవాడి చేయి ఎంత నిదానమో చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్క అక్షరమూ వరస తప్పలేదు.

ఇక మీ పసుపు యంత్రం. బాబూ, అది బట్టల మిల్లు కాదు. మీరు గుడ్డ అనుకున్నది కాగితం. చుట్ట నుంచి తెగకుండా వచ్చే కాగితం వేగంగా పోతుంటే చూసే కంటికి అచ్చం పంచెలా ఉంటుంది. దాని మీది అక్షరాలు ఆ వేగానికి కనబడవు, బూడిద రంగు చారలుగా కలిసిపోతాయి. మీరు చూసింది రెండో వీధిలోని రిపబ్లిక్ దినపత్రిక కార్యాలయం. మైరన్ గోల్డ్‌స్మిత్ రూపకల్పనలో 1971లో కట్టారు. ఒకే అంతస్తు, పొడవాటి గాజు పెట్టె. అచ్చుయంత్రానికి పసుపు రంగు వేసి, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా అద్దం వెనక నిలబెట్టారు.

నేను వెళ్ళేసరికి యంత్రం అక్కడ లేదు. లోపల బల్లల దగ్గర విలేకరులు కూర్చుని పనిచేసుకుంటుంటే బయటి నుంచి చూశాను. అబ్బాయి ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మలేకపోయాను. మా ప్రెస్సు అంటే సందులో చీకటి గది. పగలే బల్బు, మసి పట్టిన గోడలు, ఒంటికి అంటిన సిరా, కిరసనాయిలు. ముందు గదిలో యజమాని, అందరికీ ఆయనే కనబడతాడు. మేము ఎవరికీ కనబడం. అచ్చు పనిని వీధి వైపు తిప్పి అద్దంలో పెట్టిన ఊరు ఒకటి ఉందని ముప్పై ఏళ్ళ ముందు తెలిసి ఉంటే బాగుండేదనిపించింది. ఆ రోజు ఆ అద్దం ముందు చాలాసేపు ఉన్నాను. కాపలా మనిషి వచ్చి ఏమైనా కావాలా అని అడిగాడు. నేనూ ప్రెస్సు మనిషినే అని వచ్చిన ముక్కల్లో చెప్పాను. చేయి కలిపాడు.

ఐదోవీధి

కంపోజిటర్ గారూ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. బూడిద రంగు చారలు! అవును, గుడ్డ మధ్యలో చారలు ఉండేవి. ఇప్పటిదాకా ఆ సంగతి మరిచిపోయాను. మీకు పాదాభివందనం.

సున్నపుగోడ

ఆ భవనం ఇప్పుడు ఏమైంది? పత్రికలు ఇలాంటి చోట్లు వదిలేస్తున్న కాలం కదా.

తూనీగ

పత్రిక అక్కడి నుంచి వెళ్ళిపోయింది. 2018లో అందులో ఇండియానా విశ్వవిద్యాలయం వాస్తుశిల్ప తరగతులు మొదలుపెట్టింది. మీ విద్య వాళ్ళే సున్నపుగోడ గారూ.

ఈరో సారినెన్ చివరి రోజుల్లో గీసిన నార్త్ క్రిస్టియన్ చర్చి మాత్రం నన్ను కలవరపెట్టింది. ఆరు మూలల భవనం, నడిమధ్య నుంచి లేచే 192 అడుగుల సూది మొన. ఆయన 1961లో పోయారు, చర్చి 1964లో పూర్తయింది. అక్కడ మా పియానో గురువు వాయిస్తుంటే వినడానికి వెళ్ళేదాన్ని. పైనుంచి ఒకే గుండ్రటి వెలుగు మధ్యలో పడేది, చుట్టూ బెంచీలు, వెనక వరస అనేదే లేనట్టు ఉండేది. వచ్చేవాళ్ళు తగ్గిపోయి 2022లో చివరి ప్రార్థన జరిగింది. భవనాన్ని కౌంటీ గ్రంథాలయానికి అప్పగించారు. పడగొట్టలేదు, ఎవరో ఒకరు తలుపు తీస్తారు, అది చాలు నాకు.

హాక్రీక్

నా వరకు అదే అసలు విషయం. గొప్పవాళ్ళు కట్టినవి కాబట్టి వాటికి రెండో బతుకు దొరికింది. ఇర్విన్ బ్లాక్‌కు దొరకలేదు, మా వీధికి దొరకలేదు.

కంపోజిటర్

నిజమే నాయనా. మా తెనాలి ప్రెస్సు స్థలంలో ఇప్పుడు మొబైల్ ఫోన్ల దుకాణం. సీసం అక్షరాలు తూకానికి అమ్మేశారు. నా దగ్గర ఒక్కటి ఉంది, 18 పాయింట్ల సైజు అ. మీ వీధి గురించి నువ్వు రాశావు, నేను చదివాను. తడిసిన పటం నాకు కనబడింది.

ఐదోవీధి

రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న విజయవాడ వెళ్ళి అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. పేపరు ఆఫీసు అనగానే లేచి అటక చూపించింది. 1992లో వచ్చేటప్పుడు పళ్ళేలు, గాజు గిన్నెలు పగలకుండా పాత పేపర్లలో చుట్టి ట్రంకుపెట్టెలో సర్దిందట. పళ్ళేలు వాడకంలో ఎప్పుడో పోయాయి. పెట్టె దింపి చూస్తే అడుగున నాఫ్తలీన్ ఉండల కింద రెండు షీట్లు పరిచి ఉన్నాయి. పసుపు తిరిగాయి, మడత దగ్గర విరిగిపోతున్నాయి. తల మీద రిపబ్లిక్ అని ఉంది. మార్చి నెల. బాస్కెట్‌బాల్ ఫలితాలు, ట్రాక్టరు అమ్మకం, వాతావరణం, ఒక బట్టల దుకాణం ప్రకటన. అమ్మ ఆ ప్రకటన చూసి నా చలికోటు అక్కడే కొన్నామని చెప్పింది.

కంపోజిటర్

బాబూ, జాగ్రత్తగా పట్టుకోండి, అంచులు వేళ్ళతో ఒత్తవద్దు. ప్రకటనలో రంగు ఏమైనా ఉందా? ఉంటే ఒకటి చూసి చెప్పండి. రంగు దాని నల్ల గీత లోపలే ఉందా, పక్కకు జరిగిందా? అంత వేగంలో రంగు కుదరడం కష్టం. యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది అది.

ఐదోవీధి

ఎరుపు ఉందండీ, ఒక కోటు బొమ్మలో. భూతద్దం పెట్టి చూశాను. గీత దాటలేదు.